మూడు కార్డ్‌లతో పాట: చిక్కడపల్లిలో ఒక గిటారు తరగతి

హైదరాబాదు చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభకు నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక పాత ఇంటి మొదటి అంతస్తులో శని, ఆదివారాల సాయంత్రం గిటారు తరగతి నడుస్తుంది. కోర్సు మూడు నెలలు, ఫీజు నెలకు 2,500 రూపాయలు, ఒక బ్యాచ్‌లో ఎనిమిది మందికి మించి చేర్చుకోరు. ఈ మూడు నెలలూ మూడే మూడు కార్డ్‌ల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపుల) మీద నడిచే పాటలు నేర్పుతారు. అంతకు మించి ఏమీ ఆశ పెట్టరు. ఇప్పటికే చోటు చాలక కొందరిని తర్వాతి బ్యాచ్‌కి రమ్మని పంపిస్తున్నామని, అందుచేత పేరు రాయవద్దని మాస్టారు కోరారు కనుక ఇక్కడ ఆ పేరు ఇవ్వడం లేదు. అయితే ఇటువంటి తరగతులు మన నగరంలో చాలా పేటల్లో ఉన్నాయి. వాటిలో దేనిలో చేరబోయేవారికైనా, ముందుగా ఏమి అడిగి తెలుసుకోవాలో ఈ సమీక్ష వల్ల కొంత తెలుస్తుందని నమ్ముతున్నాను. కోర్సు పూర్తి చేసిన మీదట నా అభిప్రాయం ఇది: చెవికి పని చెప్పడంలో ఇంత శ్రద్ధగా బోధించే తరగతిని నేను మరొకటి చూడలేదు. పాడేవారి శ్రుతిని పట్టించుకోవడంలో మాత్రం ఈ తరగతి చాలా వెనకబడి ఉంది.

మూడు కార్డ్‌లంటే చేతికి సులువుగా వచ్చే ఏవో మూడు కావు. ఎంచుకున్న శ్రుతిలో షడ్జమం (స) మీద కట్టినది ఒకటి, మధ్యమం (మ) మీద కట్టినది ఒకటి, పంచమం (ప) మీద కట్టినది ఒకటి. మాస్టారు సికింద్రాబాదులో చర్చి గాయకబృందానికి గిటారు వాయిస్తూ పెరిగిన మనిషి కాబట్టి వీటిని ఒకటి, నాలుగు, అయిదు అని పిలుస్తారు. పాశ్చాత్య పద్ధతిలో స్వరాలను ఇంగ్లీషు అక్షరాలతో పిలుస్తారు; జి శ్రుతిలో అయితే అవి జి, సి, డి మేజర్ కార్డ్‌లు. జిలో స, గ, ప ఉంటాయి. సిలో మ, ద, స ఉంటాయి. డిలో ప, ని, రి ఉంటాయి. మూడింటినీ కలిపి చూసుకుంటే 29వ మేళకర్త (జనక రాగం) అయిన శంకరాభరణంలోని ఏడు స్వరాలూ వచ్చేస్తాయి, ఒక్కటి కూడా బయట మిగలదు. పాట ఏ స్వరం మీద నిలిచినా దానిని మోయడానికి ఈ మూడింటిలో ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. దేశదేశాల జానపదాలు, భజనలు, చర్చి కీర్తనలు, అమెరికా బ్లూస్, మన సినిమాల్లోని ఎన్నో తేలికపాటి పాటలు ఈ మూడు కార్డ్‌ల మీదే హాయిగా నడిచిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

చిన్ననాడు కొంతకాలం గాత్రం నేర్చుకుని, తర్వాత ఉద్యోగంలో పడి వదిలేసిన నాలాంటివారు ఈ నగరంలో చాలామంది ఉంటారు. అటువంటివారికి ఈ తరగతి ప్రత్యేకంగా పనికి వస్తుంది. ఎందుకంటే ఒకటి, నాలుగు, అయిదు అని మాస్టారు చెప్పే లెక్కను స, మ, ప అని మార్చుకోగానే సగం పాఠం మనకు ముందే తెలిసినదై కూర్చుంటుంది.

మొదటి వారమంతా చేతివేళ్ళ మీదే గడుస్తుంది. ఇక్కడ మాస్టారు అనుసరించే పద్ధతి చాలా తెలివైనది. మామూలుగా పుస్తకాల్లో జి, సి, డి కార్డ్‌లను మూడు వేర్వేరు ఆకారాలుగా చూపిస్తారు. ఒకదాని నుంచి మరొకదానికి మారేటప్పుడు అన్ని వేళ్ళూ గాలిలోకి లేచి మళ్ళీ దిగాలి. కొత్తవారి చేతిలో పాట తెగిపోయేది అక్కడే. ఈయన ఉంగరపు వేలిని రెండో తీగ మీద (అన్నిటికంటే సన్ననిది ఒకటో తీగ) మూడో ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డ పట్టీ) దగ్గర నిలబెట్టి, మూడు కార్డ్‌లలోనూ దాన్ని కదపవద్దంటారు. జి వాయించేటప్పుడు మధ్యవేలు ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో, చూపుడువేలు అయిదో తీగ రెండో ఫ్రెట్‌లో, చిటికెనవేలు ఒకటో తీగ మూడో ఫ్రెట్‌లో ఉంటాయి. సికి మారాలంటే మధ్యవేలు, చూపుడువేలు రెండూ జంటగా ఒక్కొక్క తీగ కిందికి జరిగితే చాలు. అలా వచ్చేది అచ్చమైన సి కాదు, సి యాడ్ నైన్ అనే దాని రూపాంతరం, కానీ పాటలో ఆ స్థానంలో చక్కగా ఒదుగుతుంది. డికి వచ్చేసరికి చిటికెనవేలు లేస్తుంది, చూపుడువేలు మూడో తీగ రెండో ఫ్రెట్‌కి, మధ్యవేలు ఒకటో తీగ రెండో ఫ్రెట్‌కి వెళ్తాయి. ఉంగరపు వేలు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

ఈ పద్ధతి వల్ల కలిగే మరొక లాభం గురించి మాస్టారు చెప్పలేదు గానీ, సంగీతం విన్న చెవికి అది తప్పకుండా తెలుస్తుంది. రెండో తీగ మూడో ఫ్రెట్‌లో పలికేది డి స్వరం, అంటే జి శ్రుతిలో పంచమం. ఆ వేలు కదలనంతసేపూ, కార్డ్ ఏదైనా సరే, పంచమం పైన మోగుతూనే ఉంటుంది. మొదటి రెండు కార్డ్‌లలో చిటికెనవేలు కింద ఉన్న ఒకటో తీగ పై షడ్జమాన్ని పలుకుతుంది. తంబురా వెనక ఉన్నప్పుడు గొంతుకు ఎటువంటి ఆసరా దొరుకుతుందో, అటువంటిదే ఈ మూడు కార్డ్‌ల వెనక దొరుకుతుంది. నేర్చుకోవడం కొత్త అయినా పాడుతూ వాయించగలగడానికి ఇది ఎంతో తోడ్పడింది.

ఇక ఈ తరగతికి ప్రాణం అనదగినది రెండో వారంలో మొదలయ్యే వినికిడి సాధన. గిటారును ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని చేతులు ఖాళీగా ఉంచమంటారు. మాస్టారు ఒక పాట పాడుతూ మొదటి కార్డ్‌నే పట్టుకుని వాయిస్తూ పోతారు. కార్డ్ మారవలసిన చోట కూడా కావాలని మార్చరు. అక్కడ పాటకూ వాద్యానికీ పొత్తు కుదరక చెవి ఇబ్బంది పడుతుంది. ఆ ఇబ్బంది తెలిసిన క్షణాన చెయ్యి ఎత్తాలి, అంతే. ఎక్కడికి మారాలో చెప్పనక్కరలేదు. మొదట్లో ఒకరిద్దరు ఎత్తుతారు, మిగిలినవారు వారిని చూసి ఎత్తుతారు. అది గమనించిన మాస్టారు అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. నేను ఎడమచేతి వైపే చూస్తూ వాయిస్తున్నప్పుడు ఆయన, "చేతిని చూడకండమ్మా, పాట వినండి, చెయ్యి దానంతట అదే వస్తుంది" అన్నారు. ఆ మాట తర్వాతి వారాల్లో ఆయన అందరితోనూ అంటూనే ఉన్నారు, అనవలసినదే కూడా.

మార్పు ఎక్కడో చెవికి తెలిసిన తర్వాత, ఎటు మారాలో తేల్చుకునే పద్ధతి చెబుతారు. తాళంలో బలంగా పడే దెబ్బ మీద పాట ఏ స్వరంలో ఉందో చూసుకోవాలి. అది గాంధారమైతే మొదటి కార్డ్, మధ్యమమో దైవతమో అయితే నాలుగోది, రిషభమో నిషాదమో అయితే అయిదోది. షడ్జమం మొదటి దానిలోనూ నాలుగో దానిలోనూ ఉంటుంది, పంచమం మొదటి దానిలోనూ అయిదో దానిలోనూ ఉంటుంది కాబట్టి, ఆ రెండు చోట్ల మాత్రం రెండూ వాయించి చూసి చెవికి నచ్చినది ఉంచుకోవాలి. స్వరం రాసుకోగలిగిన వారెవరికైనా ఈ ఒక్క సూత్రం చాలు, ఇంటర్నెట్‌లో ఎవరో రాసి పెట్టిన కార్డ్‌ల కాగితాల కోసం వెతకనక్కరలేదు.

దీన్ని సరిచూసుకోవడానికి నేను ఇంట్లో ఎంచుకున్నది ముత్తుస్వామి దీక్షితుల నోటుస్వరం "శ్యామలే మీనాక్షి". దీక్షితులవారు మదరాసు ప్రాంతంలో ఆంగ్లేయుల బ్యాండు వరసలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టిన కృతులే ఈ నోటుస్వరాలు. శంకరాభరణంలో, గమకాలు (స్వరాన్ని ఊపి పలికే అలంకారాలు) లేకుండా, తిన్నగా సాగుతాయి. సంగీతం క్లాసులో పిల్లలకు మొదట్లో నేర్పేవాటిలో ఇవి ఉంటాయి. "శ్యామలే మీనాక్షి" వరసా, ఇంగ్లీషు బడిలో పిల్లలు పాడే నక్షత్రం పాట వరసా ఒకటే. మొదటి పాదం స స ప ప, ద ద ప అని వెళ్తుంది. స, ప ఉన్న మొదటి నాలుగు అక్షరాలకూ జి సరిపోయింది. దైవతం రెండుసార్లు వచ్చేచోట సికి మారి, పంచమం మీద మళ్ళీ జికి రావాలి. రెండో పాదం మ మ గ గ, రి రి స. ఇక్కడ మధ్యమానికి సి, గాంధారానికి జి, రిషభానికి డి, షడ్జమానికి మళ్ళీ జి. సూత్రం చెప్పినది చెప్పినట్టే, ఎక్కడా సందేహం లేకుండా కుదిరింది. తర్వాతి శనివారం తరగతిలో ఇది వాయించి వినిపించినప్పుడు మాస్టారు సాహిత్యం రాసి ఇమ్మని అడిగి తీసుకున్నారు. ఇప్పటి బ్యాచ్‌కి దాన్ని నేర్పుతున్నారని తెలిసి సంతోషించాను.

రెండో నెలలో బ్లూస్ నడక నేర్పుతారు. పన్నెండు ఆవర్తాల చట్రం అది: మొదటి నాలుగూ ఒకటో కార్డ్, తర్వాతి రెండూ నాలుగోది, మళ్ళీ రెండు ఒకటోది, ఆ మీదట అయిదోది ఒకటి, నాలుగోది ఒకటి, చివరి రెండూ ఒకటోది. ఒక్కొక్కరికి ఒక్కో ఆవర్తం అప్పగించి ఆగకుండా చుట్టూ తిప్పుతారు. లయ నిలబడడానికి మంచి సాధన.

ఇక లోపాల గురించి చెప్పాలి. వీటిలో మొదటిది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, అందరినీ జి శ్రుతిలోనే పాడమనడం. జి అంటే మన లెక్కలో అయిదో శ్రుతి. మా బ్యాచ్‌లో ఆడవాళ్ళకు అది దాదాపుగా సరిపోయింది. మగవాళ్ళ సంగతి వేరు. కాలనీ భజన మండలిలో ఏళ్ళ తరబడి పాడుతున్న ఒక పెద్దాయన మాతో పాటు చేరారు. ఆయనది ఒకటిన్నర శ్రుతి, అంటే సి షార్ప్. జిలో పాడితే పైస్థాయిలో గొంతు చిరుగుతుంది, కిందికి దిగితే మాట వినిపించదు. రెండు నెలలపాటు ఆయన పాడడం మానేసి వాయించడం మాత్రమే చేశారు. ఇంత మంచి గొంతు ఉన్న మనిషి పాటల తరగతిలో నోరు కట్టుకుని కూర్చోవడం చూడడానికే కష్టమనిపించింది.

దీనికి పరిష్కారం దుర్లభమైనదేమీ కాదు. క్యాపో అనే చిన్న బిగింపు సాధనం ఉంది. దాన్ని ఏ ఫ్రెట్ మీద బిగిస్తే శ్రుతి అన్ని అర స్వరాలు పైకి జరుగుతుంది, వేళ్ళ ఆకారాలు మాత్రం మారవు. పెద్దాయనకు కావలసిన ఒకటిన్నర శ్రుతికి ఎ, డి, ఇ కార్డ్‌ల ఆకారాలు నేర్పి, నాలుగో ఫ్రెట్ మీద క్యాపో పెడితే సరిగ్గా సి షార్ప్ వస్తుంది. అయిదున్నర శ్రుతి వారు జి ఆకారాలకే ఒకటో ఫ్రెట్ మీద, ఆరో శ్రుతి వారు రెండో ఫ్రెట్ మీద పెట్టుకుంటే చాలు. రెండో శ్రుతి వారికి డి, జి, ఎ కార్డ్‌లు క్యాపో అవసరం లేకుండానే దొరుకుతాయి. సి, ఎఫ్, జి అనే వరస పుస్తకాల్లో ముందుగా కనిపిస్తుంది గానీ, అందులోని ఎఫ్‌కి చూపుడువేలితో తీగలన్నీ ఒకేసారి అదిమిపట్టాలి కనుక కొత్తవారు దాని జోలికి పోకపోవడమే మేలు. ఈ క్యాపో పాఠం మూడో నెలలో గానీ రాలేదు. వచ్చిన రోజున పెద్దాయన గొంతు విప్పి ఒక రామ భజన మొత్తం పాడారు, తరగతిలో అందరం ఆయన వెనక అందుకున్నాం. మొదటి వారంలోనే ప్రతి విద్యార్థి శ్రుతి ఏదో హార్మోనియం మీదనో శ్రుతిపెట్టె మీదనో చూసి రాసిపెట్టి, అప్పుడు కార్డ్‌లు నేర్పితే ఈ తరగతి ఎంతో మెరుగుపడుతుంది. ఈ మాట మాస్టారుకు స్వయంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

రెండో లోపం, మూడు కార్డ్‌లు మోయలేని పాటలేవో ముందుగా చెప్పకపోవడం. మన పిల్లలు సరళీ స్వరాలు నేర్చుకునే మాయామాళవగౌళనే తీసుకుందాం. 15వ మేళకర్త. అందులో రిషభం, దైవతం రెండూ శుద్ధ స్వరాలు, అంటే శంకరాభరణంలో కంటే ఒక మెట్టు కిందివి. షడ్జమం మీద మేజర్ కార్డ్ కుదురుతుంది, కానీ మధ్యమం మీద మేజర్ కాదు, మధ్య స్వరం ఒక మెట్టు దిగిన మైనర్ వస్తుంది. పంచమం మీద ప, ని, రి కలిపితే మనకు కావలసిన కార్డే రాదు. ఆ రాగంలోని పాటకు జి, సి, డి పట్టుకుని వాయిస్తే రాగం చెడుతుంది. తరగతిలో ఒక ఇంటర్ విద్యార్థి అటువంటి పాట ఒకటి తెచ్చి, కార్డ్‌లు ఎంతకీ కుదరక తన చెవి మీదనే నమ్మకం పోగొట్టుకున్నాడు. లోపం అబ్బాయి చెవిలో లేదు. పాట ఆ మూడింటికి లొంగేది కాదని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

మోహన రాగం విషయం ఇంకా సూక్ష్మమైనది. స, రి, గ, ప, ద అనే అయిదు స్వరాలూ మూడు కార్డ్‌లలోనూ ఉన్నాయి కాబట్టి పైకి అంతా సరిపోయినట్టే ఉంటుంది. కానీ సిలో మధ్యమం, డిలో నిషాదం అదనంగా మోగుతాయి, ఆ రెండూ మోహనంలో లేనివి. సినిమా పాటకు ఇది ఇబ్బంది కాదు, అలా కలిపి కట్టిన పాటలు వినడానికి బాగానే ఉంటాయి. కీర్తన పద్ధతిలో పాడేటప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. నేను చేసి చూసిన మార్గం చెబుతాను, ఎవరికైనా పనికి రావచ్చు. డి వాయించేటప్పుడు ఒకటో తీగను వదిలేస్తే నిషాదం పోయి ప, రి మాత్రమే మిగులుతాయి. సి బదులు ఇ మైనర్ పట్టుకుంటే ద, స, గ వస్తాయి, అవన్నీ మోహనానివే. మూడు కార్డ్‌లూ మూడుగానే ఉంటాయి, రాగం కూడా చెడదు.

మైనర్ కార్డ్‌లను చివరి వారంలో ఆదరాబాదరాగా ముగించేయడం మూడో లోపం. ఎ మైనర్, డి మైనర్, ఇ మేజర్ అనే మూడూ పట్టుకోవడానికి జి, సి, డి కంటే కష్టమైనవేమీ కావు. వీటిలోని స్వరాలన్నీ కలిపితే సరిగ్గా 21వ మేళకర్త అయిన కీరవాణి వస్తుంది. చివరి ఇ మేజర్ స్థానంలో ఇ మైనర్ పెడితే నిషాదం ఒక మెట్టు దిగి 20వదైన నఠభైరవి అవుతుంది. ఒక్క వేలు ఎత్తితే రాగం మారిపోతుంది: మూడో తీగ ఒకటో ఫ్రెట్ మీదున్న చూపుడువేలు, అంతే. తెలుగు సినిమా పాటల్లో ఈ రెండు రాగాలకూ ఉన్న చోటు ఎంత పెద్దదో శ్రోతలకు తెలియనిది కాదు. మూడో నెల మొత్తం దీనికే కేటాయించవలసింది. మాకు దొరికినది ఒక సాయంత్రం, ఒక జెరాక్స్ కాగితం.

స్ట్రమ్మింగ్ (కుడిచేత్తో తీగలన్నీ లయగా మీటడం) బోధన ఫరవాలేదు. నాలుగు లెక్కల నడక బాగా నేర్పారు. తిశ్రగతి, అంటే మూడు లేదా ఆరు లెక్కల నడక, ఆలస్యంగా వచ్చింది. మన జానపదాల్లో తిశ్రం నడక పాటలు ఎన్ని ఉన్నాయో చూసుకుంటే అది ముందే రావలసినది.

గిటారు లేనివారికి తరగతిలో వాయించుకోవడానికి రెండు అందుబాటులో ఉంచారు. వాటి తీగలు ఫ్రెట్‌బోర్డుకు మరీ ఎత్తుగా ఉండి, కొత్త వేళ్ళకు అనవసరమైన నొప్పి కలిగిస్తాయి. కొత్తగా కొనేవారు ఒక చిన్న పరీక్ష చేసుకోవాలి: 12వ ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎడం సుమారు 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంతకు చాలా ఎక్కువ ఉంటే దుకాణంలోనే తగ్గించి ఇమ్మని అడగాలి. తీగలు 0.010 అంగుళాల నుంచి మొదలయ్యే సన్నని సెట్ అయితే మొదటి నెలలు సులువుగా గడుస్తాయి. వేళ్ళ కొనలు గట్టిపడేవరకు కొద్దిగా మంట తప్పదు, అది సహజమే.

గది గురించి రెండు మాటలు. సాయంత్రం వీధిలో రద్దీ ఎక్కువ, కిటికీలు మూస్తే ఉక్క, తీస్తే హారన్లు. ప్రతి ఒక్కరూ సన్నటి శబ్దాన్ని వినవలసిన తరగతికి ఇది ఇబ్బందే. కారు నిలుపుకునే చోటు లేదు. మెట్రోలో చిక్కడపల్లి స్టేషన్‌లో దిగి నడిచి రావడం మేలు, భుజాన గిటారు సంచీ ఉన్నా పెద్ద దూరం అనిపించదు.

అయిదు చుక్కలకు నాలుగు ఇస్తాను. గాత్రం కొంతైనా తెలిసి, తన పాటకు తానే వాయించుకోవాలని కోరుకునేవారు తప్పక చేరవచ్చు. సోలోలు, వేగవంతమైన లీడ్ వాయిద్యం, పరీక్షల గ్రేడులు కావాలనుకునేవారికి ఇది చోటు కాదు, మాస్టారు కూడా ఆ మాట చేరే ముందే చెప్పేస్తారు. చేరేవారు క్యాపో ఒకటి సొంతంగా కొనుక్కుని మొదటి రోజే తీసుకువెళ్ళాలి, తమ శ్రుతి ఎంతో మాస్టారుతో చెప్పి, ఆ శ్రుతికి ఏ ఆకారాలు పట్టాలో అప్పుడే రాయించుకోవాలి. అడిగితే ఆయన కాదనరు.